అప్‌డేట్: 160 కిలోమీటర్లూ తొక్కేశాం!

విరాళాల సేకరణ కోసం నలుగురు స్నేహితులం సైకిల్ రైడ్‌కి సిద్ధమవుతున్నామనీ, 60 కిలోమీటర్లు దాటితే నా చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారుతున్నాయనీ, ఏం చేయాలో ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టే అరచేతి దగ్గర, ఆ రెండు వేళ్లకీ వెళ్లే అల్నార్ నరం నలుగుతోంది. సీటు ముందుకి వాలి, ఒంటి బరువంతా చేతుల మీదే పడుతోంది. సీటు సమం చేసి, హ్యాండిల్ కాస్త పైకి లేపా. తిమ్మిరి పోయింది.

రైడ్ రోజు ఏడిపించింది వేళ్లు కాదు, పొట్ట! గంటకి 30–60 గ్రాముల కార్బోహైడ్రేట్లు పొట్టలో పడాలని మీరు చెప్పినా పెడచెవిన పెట్టా. 110 కిలోమీటర్ల దగ్గర కాళ్లు తిరగమని మొండికేశాయి. మావాడొకడు నా నోట్లో సగం అరటిపండు కుక్కి, నాకు గాలి తగలకుండా ముందు తొక్కుతూ లాక్కొచ్చాడు. నలుగురం ఒకేసారి ముగింపు గీత దాటాం. విరాళాల లెక్క ఇంకా తేలాలి.