కంది చేలో దొరికిన రాతి ముక్క బాణపు ములుకేనా?

పాలమూరు రైతు:
నాగర్‌కర్నూలు దగ్గర మా కంది చేలో, వాన వెలిసిన మర్నాడు, గోధుమరంగు చెకుముకి రాతి ముక్క ఒకటి కనిపించింది. అది బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. ఒక అంచు తిన్నగా, బ్లేడులా పదునుగా ఉండగా, రెండో అంచు చంద్రవంకలా వంగి, సన్నటి చెక్కుళ్ళతో మొద్దుగా ఉంది. ఇది బాణపు ములుకేనా, ఎంత పాతదో తెలిసినవారు చెప్పగలరు.

నంద్యాల శిలాప్రియుడు:
మీ వర్ణనను బట్టి అది సూక్ష్మశిలా పరికరాల్లో, అంటే రాతియుగపు అతి చిన్న రాతి పనిముట్లలో, అర్ధచంద్రాకారపు రకం. దీన్ని విడిగా వాడేవారు కాదు. మొద్దు అంచును కర్ర గాడిలో బంకతో అతికించి, పదునైన అంచు బయటకు ఉండేలా బాణానికి ములుకుగానో, పక్క ముల్లుగానో బిగించేవారు. ట్రాక్టరు గొర్రు తగిలి విరిగిన రాయికి పెచ్చులు అడ్డదిడ్డంగా లేస్తాయే తప్ప, ఇలా ఒకే అంచు వెంబడి వరుసగా రావు కనుక, ఇది మనిషి చేతిపనే అని నా నమ్మకం. వయసు విషయంలో మాత్రం తొందరపడవద్దు. మా జుర్రేరు లోయలోని జ్వాలాపురం రాతి ఆశ్రయంలో సూక్ష్మశిలా పరికరాలు సుమారు 35,000 ఏళ్ళ నాటి పొరల్లో కూడా దొరికాయి. కొత్త రాతియుగపు పశుపాలకులు కూడా చిన్న రాతి బ్లేడ్లు వాడారు. అందువల్ల ఆకారం ఒక్కటే చూసి కాలం చెప్పడం సాధ్యం కాదు.

ఓరుగల్లు టీచరు:
నేను చూసినవన్నీ పలుగురాతివి. వాటి మీద చెక్కిన గుర్తులు నేరుగా చూస్తే తెలియవు. సాయంత్రపు ఏటవాలు ఎండలో తిప్పి చూస్తేనే బయటపడతాయి. దయచేసి బ్రష్‌తో రుద్ది కడగవద్దు, పాత బంక ఆనవాళ్ళు ఉంటే పోతాయి.

నంద్యాల శిలాప్రియుడు:
రైతుగారూ, చుట్టుపక్కల ఏమున్నాయో చూడండి. నూరి నునుపు చేసిన రాతి గొడ్డలి, బూడిదరంగు కుండపెంకులు ఉంటే, 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన మీ పాలమూరు ఉట్నూరు బూడిద దిబ్బ (కొత్త రాతియుగపు పశుపాలకులు పేడ కాల్చగా ఏర్పడిన గుట్ట) కాలపు మనుషుల వైపు మొగ్గవచ్చు. పెంకులే లేకుండా రాతి పెచ్చులు మాత్రమే ఉంటే, అంతకంటే పాతది కావడానికి అవకాశం ఎక్కువ.

పాలమూరు రైతు:
తూర్పు గట్టు దగ్గర పెచ్చులు చాలా ఉన్నాయి, వాటితోపాటు నిలువునా సన్నటి పలకలు లేచిపోయిన గుండ్రటి రాయి కూడా ఉంది. పెంకులు లేవు.

నంద్యాల శిలాప్రియుడు:
ఆ గుండ్రటి రాయి బ్లేడ్లు తీసిన మూలశిల, అంటే పనిముట్లు అక్కడే తయారయ్యాయన్నమాట. ఇకపై ఏదీ ఏరవద్దు. ఉన్నచోటనే పక్కన నాణెం పెట్టి ఫొటోలు తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ గట్టు దున్నేలోపు వారు వచ్చి చూడటం చాలా అవసరం.