ఉద్దానానికి తిరిగి రమ్మంటున్నారు, భయంగా ఉంది

విశాఖలో నర్సు:
అందరికీ వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. మా ఊరి చర్చి సంఘంవాళ్లు వచ్చేయమంటున్నారు. ఇంటింటికీ వెళ్లి కిడ్నీ రోగుల్ని చూడాలి, మందులు, తిండి సంగతి చెప్పాలి, ప్రార్థన చేయాలి. పలాసలో 2023లో పెద్ద కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. అయినా మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చునే మనిషి లేదన్నది సంఘం బాధ.

పని నాకు వచ్చు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపిన చోటు) మీద వేళ్లు ఆనిస్తే కింద రక్తం జుమ్మంటోందో లేదో తెలిసిపోతుంది. కానీ ఇక్కడ డాక్టరుగారు ఉంటారు, మెషిన్ ఉంటుంది, నాలుగు గంటలయ్యాక పేషెంట్ ఇంటికి వెళ్లిపోతారు. అక్కడ నేనే వాళ్లింటికి వెళ్లాలి. తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ జబ్బున్న ఇంట్లో "దేవుడుంటే మాకే ఎందుకమ్మా?" అంటే ఏం చెప్పను? ఈ జబ్బుకి కారణం ఇదీ అని డాక్టర్లే ఇంకా తేల్చలేదు. పిలుపు దేవుడిదే అని మనసుకి తెలుస్తోంది. ఆయన తోడుంటాడని గట్టిగా నమ్మడం ఎలా? ప్రార్థన చేస్తూనే ఉన్నాను, టెన్షన్ మాత్రం పోవట్లేదు.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, బైబిల్లో నిర్గమకాండం 3వ అధ్యాయం నెమ్మదిగా చదువు. ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్లడానికి నేనెంతటివాణ్ణి అని మోషే అడిగితే, నీకు సామర్థ్యం ఉందిలే అని దేవుడు అనలేదు. నేను తోడుంటాను అన్నాడు. నాకు బాగా పట్టింది ఆ తర్వాతి మాట. జనాన్ని ఐగుప్తు నుంచి బయటికి తెచ్చాక ఇదే కొండ మీద నన్ను సేవిస్తారు, అదే నీకు గుర్తు అన్నాడు. అంటే ఆ గుర్తు వెళ్లొచ్చాక కనబడేది! కర్ర పాము కావడం 4వ అధ్యాయంలో ఉంది, కానీ అది జనం నమ్మడానికి.

ధైర్యం వచ్చాక బయల్దేరదామని చూడకు. మోషే చివరిదాకా వేరేవాణ్ణి పంపమనే బతిమాలాడు. దేవుడికి కోపం వచ్చింది, అయినా అతని అన్న అహరోనుని జత చేశాడు. నువ్వూ సంఘాన్ని ఒక మనిషిని తోడివ్వమని అడుగు. ఒంటరిగా ఆ ఇళ్లకి వెళ్లొద్దు. యేసు కూడా శిష్యుల్ని ఇద్దరిద్దరిగానే పంపాడు.

సోంపేట తమ్ముడు:
అక్కా, వెంటనే రిజైన్ చేయకండి. సెలవు పెట్టి వచ్చి చూడండి. అది అవిశ్వాసం కాదు. బైబిల్లో గిద్యోను, దేవుడు నిజంగా తనతో పని చేయిస్తాడా అని గొర్రెబొచ్చుతో రెండుసార్లు గుర్తు అడిగినా దేవుడు విసుక్కోలేదు.

కవిటి అక్క:
చెల్లీ, మా ఇంటాయనకి డయాలసిస్ నడుస్తోంది. మా పెరడంతా కొబ్బరిచెట్లే. ఊరందరికీ బోండాలు దింపిన మనిషి, ఇప్పుడు ఒక్కటీ తాగకూడదు, అందులో పొటాషియం ఎక్కువ అంటారు. ఎందుకు అని నేనూ దేవుణ్ణి అడిగాను. ఎవరైనా జవాబు చెప్పబోతే మాత్రం నా మనసు విరిగిపోయేది. బైబిల్లో యోబు కష్టాల్లో ఉన్నప్పుడు అతని స్నేహితులు వచ్చి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. నోరు తెరిచాకే అంతా చెడింది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ వస్తుంది. ఆ రోజుకి ఆయన తాగొచ్చన్నంత నీళ్లే కొలిచి సీసాలో పోసి, ఆయన పక్కన కూర్చుంటుంది. వాక్యం చదవమంటే చదువుతుంది, లేకపోతే లేదు. నువ్వు దేవుణ్ణి వెంటబెట్టుకు రావాలేమో అని భయపడుతున్నట్టున్నావు. ఆయాసంతో మా ఇంటాయన మంచం మీద లేచి కూర్చున్న రాత్రుల్లో దేవుడు మా ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు వస్తే చాలు.

విశాఖలో నర్సు:
అక్కా, చదివి ఏడ్చేశాను. మాస్టారూ, తోడు సంగతి ఈ ఆదివారమే సంఘంలో అడుగుతాను. ఆ పెద్దమ్మగారు నాతో ఇళ్లకి వస్తారేమో కనుక్కోండి అక్కా. సెలవుకి అప్లై చేశాను, ముందు మీ ఇంటికే వస్తాను. బావగారికి ఫిస్టులా ఏ చేతికి పెట్టారో చెప్పండి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, బరువులూ ఎత్తనివ్వకండి.