లెక్క అడిగితే అన్నయ్యను అనుమానించినట్టేనా?

తెనాలి చెల్లెలు:
మా పెద్దన్నయ్య కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో పోయాడు. పెళ్లి చేసుకోలేదు, వీలునామా రాయలేదు, అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. అక్కడి చట్టం ప్రకారం మిగిలిన తోబుట్టువులం నలుగురం వారసులం. చిన్నన్నయ్య అక్కడే ఉంటాడని కోర్టు ఆయన్నే అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే అప్పులు తీర్చి ఆస్తి పంచేవాడిగా పెట్టింది. ఇల్లు అమ్మారు, అప్పులు తీర్చారు. మొన్న వాట్సాప్‌లో ఒక కాగితం పంపాడు, సంతకం పెట్టాల్సిన చోట పసుపు గీత గీసి. తుది లెక్క నాకు అక్కర్లేదని దాని సారాంశం. పెడితే పని త్వరగా తెమిలిపోతుందట. ఇల్లు ఎంతకు పోయిందో కూడా నాకు తెలీదు. లెక్క చూపకుండా సంతకం అడగడం న్యాయమేనా? వదినేమో "అన్నయ్య మీద నమ్మకం లేదా" అంటోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

శాన్‌హోసే నుంచి:
అమ్మా, మా నాన్నగారి ఎస్టేట్‌కి, అంటే ఆయన వదిలిపోయిన ఆస్తికి, నేను వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌ని. చేతికి ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నీ సెంటుతో సహా సరిపోవాలి. 40 సెంట్ల తేడా కోసం ఒక ఆదివారమంతా కూర్చున్నాను. వాటా వచ్చేవాళ్లంతా సంతకం పెడితే ఆ లెక్క వేయక్కర్లేదని కాలిఫోర్నియా వారసత్వ చట్టం, ప్రొబేట్ కోడ్ 10954వ సెక్షనే చెబుతోంది. ఇందులో మోసం లేదు. అప్పుడు కూడా కోర్టుకు రిపోర్టు ఇవ్వాలి, అప్పులవాళ్ల క్లెయిములు, తన ఫీజు అందులో రాయాలి. మీ అన్నయ్య పడ్డ శ్రమ కూడా చూడండి.

నల్లగొండ వాసి:
ఆ శ్రమకు చట్టమే ఫీజు పెట్టింది కదండీ. మొదటి లక్ష డాలర్లకు 4 శాతం, రెండో లక్షకు 3, ఆపై 8 లక్షలకు 2. ఎస్టేట్ 9 లక్షలైతే 21,000 డాలర్లు. లాయరుకూ అంతే. ఇంటి మీద లోన్ ఉన్నా దాన్ని మినహాయించరు. తీసుకోవడం తప్పనను. తీసుకున్నదెంతో వారసులకు తెలియాలి.

నా బాధంతా నోటీసుతోనే. అక్కడి మా బాబాయి వీలునామాలో నా పేరుంది. తుది లెక్క మీద కోర్టు విచారణకు కనీసం 15 రోజుల ముందు నోటీసు పోస్టులో వేయాలి. అది వేసిన రోజు నుంచి లెక్క, మన చేతికి అందిన రోజు నుంచి కాదు. మా ఊరికి కవరు చేరేసరికి 4 రోజులే మిగిలాయి. విప్పితే తేదీ, టైము, గది నంబరు ఉన్న ఫారం. పద్దు ఒక్క పేజీ లేదు. పద్దు కాపీ రావాలంటే మనమే ముందుగా, కాగితాలు మాకూ పంపండంటూ స్పెషల్ నోటీస్ కోరే డీఈ-154 ఫారం కోర్టులో వేసి ఉండాలట. ఆ సంగతి మా ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? వారసులు వేరే దేశంలో ఉంటే పద్దు కూడా ఆ కవర్లోనే రావాలి, గడువు నెల రోజులైనా ఉండాలి.

శాన్‌హోసే నుంచి:
గడువు పెంచితే పంపకం ఇంకా వెనక్కి పోతుంది. ఆ డబ్బు కోసమే ఎదురుచూసేవాళ్లు ఉంటారండీ. పద్దు పంపాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. మా చెల్లెళ్లకు నేను పీడీఎఫ్ పంపాను, ఎవరూ అడక్కపోయినా.

హైదరాబాద్ వకీలు:
మన దేశంలో ఈ హక్కు ఇంకా పల్చన. 1925 వారసత్వ చట్టం 317వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ఆమోదం, వచ్చిన 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్క కోర్టులో దాఖలు చేయాలి. దాఖలైందని వారసులకు విడిగా నోటీసు ఇవ్వాలన్న మాట అందులో లేదు. అక్కడ మీకు దొరికిన హక్కును చూసుకోకుండా వదలకండమ్మా. ఇంటి అమ్మకం క్లోజింగ్ స్టేట్‌మెంట్ (ధర, ఖర్చుల తుది పట్టీ), ఎస్టేట్ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడగండి. అవి చూశాక సంతకం పెట్టాలో వద్దో మీకే తెలుస్తుంది.

తెనాలి చెల్లెలు:
అడిగాను. అన్నయ్య ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. రాత్రికి పంపాడు. మా అబ్బాయి చదివి వినిపించాడు. పైకప్పు రిపేరుకు 6,200 డాలర్లు అని ఉంది, బిల్లు లేదు. అది కూడా అడగమంటారా?

శాన్‌హోసే నుంచి:
అడగండి. నా దగ్గరా అలాంటి బిల్లే పోయింది, కాంట్రాక్టర్‌ని అడిగితే మళ్లీ ఇచ్చాడు. అన్నయ్యకు ఆ మాట కూడా చెప్పండి.