డ్రైసూట్ మెడ సీల్ బిగుసుకుంటోంది, ఏం చేయాలి?

మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర. ఇన్నాళ్లూ మన సముద్రంలో పలచటి వెట్‌సూట్‌తోనే డైవింగ్ చేశాను. వచ్చే నెల నార్వేలో శిక్షణ ఉంది, అక్కడి చన్నీళ్లకు, లోపలికి నీళ్లు రానివ్వని డ్రైసూట్ తప్పదు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొని ఇంట్లో అలవాటు చేసుకుంటున్నాను.

కాళ్లు, చేతులు దూర్చడం ఇబ్బందిగా లేదు. ఉంగరం, వాచీ తీసేసి, గోళ్లు కత్తిరించుకుని, లేటెక్స్ సీళ్లకు (నీళ్లు లోపలికి రాకుండా మెడ, మణికట్ల దగ్గర పట్టి ఉండే రబ్బరు అంచులు) వాసన లేని టాల్కం పౌడర్ రాస్తున్నాను. భుజాల వెనక జిప్ మా తమ్ముడు వేస్తాడు. తర్వాత గొంతుక్కూర్చుని, మెడ సీల్ కొంచెం ఎత్తి లోపలి గాలి వదిలేస్తున్నాను. సమస్యంతా ఆ మెడ దగ్గరే. నిన్న రెండు నిమిషాలకే కళ్లు తిరిగినట్టయి వెంటనే విప్పేశాను. మెడ పక్కన రక్తనాళాలు నొక్కుకుపోతే స్పృహ తప్పొచ్చని తెలుసు, అందుకే టెన్షన్.

సీల్‌ను గుండ్రటి డబ్బాకు తొడిగి రాత్రంతా సాగనివ్వాలా, లేక దాని మీది గీతల వెంట ఒక్కో రింగ్ కోయాలా? ఎక్కువ కోస్తే నీళ్లు వచ్చేస్తాయని చెయ్యి రావడం లేదు. పైగా లోపలి మందపాటి బట్టలతో ఈ ఉక్కపోతలో ఐదు నిమిషాలు ఉండలేకపోతున్నాను. అవి లేకుండా ప్రాక్టీస్ చేస్తే సైజు సరిగ్గా తెలుస్తుందా? వాడిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.