ట్యూబా ఆర్నాల్డ్ జేకబ్స్: ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి?

గోదారిగాలి:
సింఫనీలు అప్పుడప్పుడూ వింటాను గానీ ట్యూబాని, అంటే ఇత్తడి వాద్యాల్లో అడుగు స్వరాలు పలికే ఆ పెద్ద గొట్టాన్ని, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈ మధ్య ఆర్నాల్డ్ జేకబ్స్ గురించి చదివాను. 1944 నుంచి 1988 దాకా చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా ఆయనదేనట. సరే అని ఒకటి పెట్టి విన్నా, ట్యూబా ఎక్కడుందో అంతుచిక్కలేదు. తెలిసినవాళ్ళు దారి చూపండి.

పాతరికార్డులపిచ్చి:
ఫోన్లోనే పెట్టి విన్నారా? ఫోను స్పీకర్లో ట్యూబా కింది స్వరాలు రావండీ. కింది ఎఫ్ దాదాపు 44 హెర్ట్జ్ ఉంటుంది. ముందు మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

ఆ తర్వాత స్వరకర్త బార్టోక్ రాసిన 'కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా', చికాగో ఆర్కెస్ట్రాతో కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్ 1955లో రికార్డు చేసింది. రెండో భాగం మధ్యలో సైడ్ డ్రమ్ చిన్నగా టకటకలాడుతుంటే ఇత్తడి వాద్యాలు కలిసి చర్చిపాటలాంటిది ఎత్తుకుంటాయి. అక్కడ ట్రంపెట్ల మీదకి పోయే చెవిని లాక్కొచ్చి అడుగున పెట్టండి. స్వరం మొదలయ్యేటప్పుడు 'బుస్' మనదు, తిన్నగా వచ్చేస్తుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పాడినట్టే వెళ్తాడు. పైన ట్రంపెట్ హెర్సెత్, కింద ఈయన. మధ్యలో ట్రాంబోన్లకి ఇక శ్రుతి బెంగెందుకు?

శ్రావణి_ఇల్లినాయ్:
వాద్యం కథ కూడా చెప్పుకోవాలి. 1930ల మొదట్లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాకి దాని కండక్టర్ స్టొకోవ్‌స్కీ ఆర్గాన్‌లా మోగే ట్యూబా కావాలన్నాడు. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో యార్క్ కంపెనీ సీ శ్రుతిలో భారీవి తయారుచేసింది. ఫిలడెల్ఫియా ట్యూబా వాద్యకారుడు ఫిలిప్ డోనటెలీది పెద్ద శరీరం. వాటిలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుంటే మౌత్‌పీసు నోటికి సరిగా అందేది కాదట. కర్టిస్ సంగీత విద్యాలయంలో తన దగ్గర నేర్చుకుంటున్న కుర్రాడు జేకబ్స్‌కి 175 డాలర్లకి, అదీ వారానికి ఐదేసి డాలర్ల వాయిదాల మీద, ఇచ్చేశాడు. ఆ కుర్రాడు జీవితమంతా ఎక్కువగా దాన్నే వాయించాడు. చివరికి చికాగో ఆర్కెస్ట్రాయే కొనుక్కుంది. ఆయన తర్వాత 1989లో వచ్చిన జీన్ పోకోర్నీ చేతిలో నేను దాన్ని చూశాను. బాల్కనీ నుంచి చూసినా బెల్లు, అదే దాని మూతి, గంగాళమంత కనబడింది.

కొంచెంతేడా:
అందరూ యార్క్, యార్క్ అంటారు. నాకైతే సగం భక్తే అనిపిస్తుంది. అదే ట్యూబా నా చేతికిస్తే అలా మోగుతుందా?

బ్యాండుబుజ్జి:
మోగదు సార్ 😀 మాది పెళ్ళిళ్ళ బ్యాండు, నేను యూఫోనియం, ట్యూబాకి చిన్న తమ్ముడు లాంటిది. బ్యాండు వాద్యాలు చేసే మీరట్ జలీ కోఠీ నుంచి తెప్పించిన సరుకు. మూడో వాల్వు ఎండలో పట్టేస్తుంది, ఉమ్మి తడిపి లాగించేస్తా. ఊరేగింపులో నడుస్తూ వాయిస్తే పావుగంటకే గాలి అయిపోతుంది.

జేకబ్స్ గారి పాఠాల్లో నాకు పనికొచ్చింది ఒక్కటే. ఆయన 'పాట, గాలి' అని రెండు మాటల్లో తేల్చేసేవారు. ముందు పాట తలలో మోగాలి, తర్వాత గాలిని పారనివ్వాలి, పొట్ట బిగించకూడదు. మా మేస్త్రి 'పొట్ట బిగించరా' అని నేర్పాడు. అది మానేశాక పై స్వరాలు కాస్త తేలికయ్యాయి. ఇంకో సంగతి, ఆయనకి ఉబ్బసం. ఊపిరితిత్తుల్లో పట్టే గాలి బాగా తగ్గిపోయినా వాయించాడు. అందుకే శరీరశాస్త్రం చదివి మరీ శ్వాస గురించి చెప్పాడు. ట్రంపెట్, హార్న్ వాళ్ళు కూడా ఆయన దగ్గరికే పోయేవాళ్ళట.

పాతరికార్డులపిచ్చి:
బుజ్జి గారూ, ఆ వాల్వుకి నూనె వేయించండి బాబూ!

సోలో కావాలంటే వాన్ విలియమ్స్ ట్యూబా కన్సర్టో ఉంది, 1977లో కండక్టర్ బారెన్‌బాయిమ్‌తో చేసింది. రెండో భాగం 'రొమాన్జా' ముందు వినండి, అంత పెద్ద గొట్టం గొంతు ఎంత మెత్తగా ఉంటుందో తెలుస్తుంది. అయినా నా ఓటు ఆర్కెస్ట్రా రికార్డులకే. ఆయన గొప్పతనం పదిమందిని కింద నుంచి మోయడంలో ఉంది.

శ్రావణి_ఇల్లినాయ్:
1968లో రికార్డు చేసిన, పాత ఇటలీ స్వరకర్త గాబ్రియేలి సంగీతం మరిచారు. చికాగో, క్లీవ్‌లాండ్, ఫిలడెల్ఫియా మూడు ఆర్కెస్ట్రాల ఇత్తడి వాద్యకారులు కలిసి చేసింది. దానికి గ్రామీ కూడా వచ్చింది. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య బృందాలు జవాబులు చెప్పుకుంటుంటే భలే ఉంటుంది.

గోదారిగాలి:
హెడ్‌ఫోన్‌తో బార్టోక్ విన్నానండీ. దొరికాడు! ఒకసారి దొరికాక మళ్ళీ ట్రంపెట్ల వైపు పోబుద్ధి కావడం లేదు. శ్రావణి గారూ, యార్క్ ఆ ఒక్కటేనా?

శ్రావణి_ఇల్లినాయ్:
రెండండీ. రెండూ చికాగో ఆర్కెస్ట్రావే. స్విట్జర్లాండ్ హిర్స్‌బ్రూనర్ వాళ్ళూ యమహా వాళ్ళూ ఆ నమూనాలో ట్యూబాలు చేశారు. ధర మాత్రం అడక్కండి, కారు కొనుక్కోవచ్చు.

బ్యాండుబుజ్జి:
అదేదో మీరట్ వాళ్ళకి చూపించండి మేడమ్, సీజన్ లోపల మాకో నకలు దింపేస్తారు.