ఒట్టో నిజంగా మారాడా, మనల్ని ఏడిపించడానికి మార్చారా? (కథంతా చెప్పేశాం, చూడనివాళ్లు జాగ్రత్త)

చివరివరుస:
టామ్ హ్యాంక్స్ ‘ఎ మ్యాన్ కాల్డ్ ఒట్టో’ (2022) చూశా. అందరూ తెగ పొగుడుతున్నారు గానీ నాకు ఎక్కలేదు. కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. భార్య సోన్యా పోయింది, ఉద్యోగం అయిపోయింది, లోకంలో తనకి తప్ప ఎవరికీ బుర్ర లేదని తేల్చేసుకున్న ఒక పెద్దాయన ప్రాణం తీసుకుందామనుకుంటాడు. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఎదురింట్లో మారిసోల్ అనే ఆవిడ భర్తతో, పిల్లలతో దిగుతుంది, ఒక పిల్లి వస్తుంది, ఇంకేముంది, రెండు గంటలు తిరిగేసరికి మనిషి బంగారం. అంత నిరాశలో ఉన్నవాడు ఇంత తేలిగ్గా బయటపడతాడా? పైగా చావబోయే సీన్లలో కామెడీ ఏంటండీ? ముందే లెక్కేసుకుని మన చేత కన్నీళ్లు పెట్టించే సినిమా ఇది. కాదంటారా, ఎందుకు కాదో చెప్పండి.

పాతకుర్చీ:
మీరు అసలుది చూడలేదనుకుంటా. దీనికి మూలమైన ఫ్రెడ్రిక్ బ్యాక్‌మన్ నవలని ముందు స్వీడన్‌లో 2015లో హన్నెస్ హోల్మ్ తీశాడు. విదేశీ చిత్రం, మేకప్ విభాగాల్లో ఆస్కార్‌కి కూడా నామినేట్ అయింది. అందులో రోల్ఫ్ లాస్‌గార్డ్‌ని చూస్తే నిజంగానే పక్కింటి ముసలాయనంటే భయమేస్తుంది. హ్యాంక్స్ ఎంత మొహం మాడ్చుకున్నా వీడు లోపల మంచోడే అని మొదటి సీన్‌లోనే తెలిసిపోతుంది. ఇక టెన్షన్ ఎక్కడుంటుంది?

మాటకుమాట:
చివరివరుస గారూ, మీ ప్రశ్నలోనే నాకు పేచీ ఉంది. ఒట్టో మారాడని ఎవరన్నారు? మారిసోల్ వాళ్లు దిగిన రోజు గుర్తు తెచ్చుకోండి, వాళ్లాయన వెనక ట్రైలర్ తగిలించిన బండిని పార్క్ చేయలేక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే ఒట్టో అది కిటికీలోంచి చూస్తాడు, అప్పటికి ఆయన ఏ పనికి సిద్ధమయ్యాడో మనకు తెలుసు, అయినా సరే ఆ దరిద్రపు పార్కింగ్ చూస్తూ ఉండలేక బయటికొచ్చి, తిట్టి, వాళ్లని దింపేసి, తనే స్టీరింగ్ పట్టుకుని బండి పెట్టేస్తాడు. అక్కడ జాలి లేదు, ప్రేమ లేదు, ఉన్నది ఉత్త చిరాకు. నా వాదన అదే, ఆయన్ని బతికించింది ఆ చిరాకే. లోకం తప్పుగా ఉందని మండిపడేవాడికి అది సరిగ్గా ఉండాలన్న పట్టింపు ఇంకా చావలేదన్నమాట. అసలు పట్టింపే లేనివాడు రోజూ పొద్దున్నే రౌండ్‌కి వెళ్లి పార్కింగ్ పర్మిట్లు చూడడు, రీసైక్లింగ్ డబ్బాల్లో చెత్త వేరు చేయడు. చివరిదాకా అదే మనిషి, అదే నోరు. కాకపోతే మొదట్లో ఒంటరిగా గొణుక్కునేవాడు, తర్వాత ఆ గొణుగుడు వినడానికి, తిరిగి కసరడానికి ఒకావిడ దొరికింది.

డ్రైవింగ్ నేర్పే సీన్ కూడా అంతే. వెనక బండివాడు హారన్ కొట్టేసరికి మారిసోల్‌కి చేతులాడవు. ఒట్టో దిగి వాడి మీద విరుచుకుపడి వస్తాడు. వచ్చి ఆమెని ఓదారుస్తాడా అంటే లేదు, పిల్లల్ని కన్నావు, పరాయి దేశం వచ్చి బతుకుతున్నావు, ఇది నడపలేవా అని దులిపేస్తాడు. ధైర్యం చెప్పడం కూడా తిట్టినట్టే ఉంటుంది. దీన్ని మార్పు అంటామా?

వానకోయిల:
బాగా చెప్పారు కానీ ఒక మాట. ఇంట్లో ఇలాంటి రోజులు చూసినదాన్ని నేను. ట్రైలర్ చూసి సరదా సినిమా అనుకుని కూర్చున్నా, మొదటి పావుగంటలోనే లేచి వెళ్లిపోదామనిపించింది. చావబోయే ప్రతిసారీ తలుపు చప్పుడు వినపడటం సినిమాలో బాగుంటుంది. బయట చాలామందికి ఆ టైమ్‌కి ఎవరూ రారు. అందుకే కామెడీ గురించి చివరివరుస గారి బాధ నాకు అర్థమవుతుంది. ఒట్టో చిరాకు కూడా అందరికీ ఉండదు మాటకుమాట గారూ, కొందరికి చిరాకు పడే ఓపిక కూడా మిగలదు.

మారిసోల్ మాత్రం నాకు చాలా నచ్చింది, మారియానా ట్రెవిన్యో లేకపోతే ఈ సినిమా లేదు.

చివరివరుస:
ఆ మారిసోల్‌తోనే నా గొడవ. ఆవిడకి వేరే బతుకుందా? వండి తెచ్చివ్వడం, నవ్వడం, ముసలాయన్ని బాగుచేయడం. ఇలాంటి పాత్రలు ఎన్ని చూడలేదు!

వానకోయిల:
అలా అయితే ఆవిడ ఒట్టో మీద అరిచిన సీన్‌లో మీరు ఫోన్ చూస్తున్నట్టున్నారు. అందరూ మూర్ఖులు, అన్నీ నేనొక్కణ్నే చూసుకోవాలి అనుకుంటున్నావేమో, అది నీవల్లే కాదు ఎవరివల్లా కాదు అని కడిగేస్తుందే, అది బాగుచేయడం కాదండీ, ఓపిక నశించిన మనిషి కోపం. పైగా ఆవిడ ఊరికే ఇచ్చిపోవడం లేదు, డ్రైవింగ్ నేర్పమంటుంది, పిల్లల్ని చూసుకోమంటుంది, ఎడాపెడా పనులు చెప్తుంది. ఆయనకి జాలి చూపించిన వాళ్లెవరూ పనికిరాలేదు, పని చెప్పినావిడే పనికొచ్చింది.

పాతకుర్చీ:
స్వీడిష్‌లో మారిసోల్ బదులు ఉండే పర్వానె ఇంకా గట్టిది. ఇరాన్ నుంచి వచ్చినావిడ, ఈయన్ని అసలు లెక్కచేయదు. కార్ల గొడవ కూడా అక్కడే పండింది. సాబ్ గొప్పదా, వోల్వో గొప్పదా అని స్వీడన్ కార్ల దగ్గర పాత స్నేహితులు విడిపోవడం ఆ దేశంలో అతికినట్టుంటుంది. ఇక్కడ షెవర్లే, ఫోర్డ్ అన్నారు, ఫర్వాలేదు. వయసులో ఉన్న ఒట్టోగా హ్యాంక్స్ కొడుకు ట్రూమన్‌నే పెట్టారు, ఆ ఫ్లాష్‌బ్యాక్‌లు నాకు చప్పగా అనిపించాయి.

చివరివరుస:
సరే, పార్కింగ్ సీన్ ఇచ్చేస్తున్నా, అది నిజంగానే బాగుంది. మరి క్లైమాక్స్ మాటేంటి? బతకాలనుకున్నాక మనిషిని చంపేశారు. కన్నీళ్ల లెక్క అన్నది ఇందుకే.

మాటకుమాట:
చంపేశారు నిజమే, కానీ ఎలా పోయాడో చూడండి. గుండె పెద్దదైన జబ్బు అని ముందే చెప్పారు, మారిసోల్ దానికి పడీపడీ నవ్వుతుంది కూడా. పోయాక దొరికిన ఉత్తరంలో ఆయన ముందుగా చెప్పేదే నేనేం పిచ్చిపని చేసుకోలేదని. మొదట్లో ఎవరికీ చెప్పకుండా పోవాలనుకున్నవాడు, ఇప్పుడు తన చావు చూసి ఈవిడ ఏమనుకుంటుందోనని ముందే కంగారుపడుతున్నాడు. ఏడిపించడానికే అయితే ఆసుపత్రి మంచం, చేతిలో చెయ్యి పెట్టేవాళ్లు. ఇక్కడ ఇంటిముందు మంచు తీయలేదని ఎదురింటివాళ్లకి అనుమానం వస్తుంది, అంతే.

చివరివరుస:
నాకింకా పూర్తిగా దిగలేదు. స్వీడిష్‌ది చూసొచ్చి మళ్లీ గొడవ పెట్టుకుంటా. పాతకుర్చీ గారూ, సబ్‌టైటిల్స్‌తో ఎక్కడుందో చెప్పండి.