అప్‌డేట్: మెడ నిలవట్లేదని అడిగిన మా పాప సంగతి

ఎనిమిది నెలలొచ్చినా పాపకి మెడ సరిగ్గా నిలవట్లేదు, డౌన్ సిండ్రోమ్ అంటున్నారు, ఏం చేయాలి అని ఆరు నెలల కిందట అడిగాను కదా. కార్యోటైప్ (క్రోమోజోములు లెక్కపెట్టే పరీక్ష) రిపోర్టులో 47 క్రోమోజోములు, అంటే 21వది రెండుకి బదులు మూడు ఉన్నాయని, డౌన్ సిండ్రోమేనని తేలింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావని దెప్పే అత్తయ్య, డాక్టరు గారు ఆవిడ ముందే ఇది ఎవరి తప్పూ కాదని చెప్పాక ఆ మాట మానేసింది (నాకు అదే సగం బలం). మీరు చెప్పినట్టే గుండెకి ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్ టెస్టు చేయించాం. గుండెలో చిన్న రంధ్రం ఉంది, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదట. ఫిజియోథెరపీలో తువ్వాలు చుట్టి ఛాతీ కింద పెట్టి, ఎదురుగా గిలక్కాయ ఊపమన్నారు. మొదటి వారం ఒకటే ఏడుపు. మొన్న ఆదివారం స్టీలు గ్లాసు కోసం తనంతట తనే లేచి కూర్చుని, నీళ్లన్నీ ఒళ్లో పోసుకుంది.